పద్దెనిమిది కుడిచేతి తొడుగులు

అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసుల బోర్డుల మధ్య తన బోర్డు కూడా కనపడకుండా పోయిన అల్లికల క్లాసు టీచర్ని, కీర్తిశేషులు దశరథరామయ్య గారి భార్యని, అరవై ఎనిమిదేళ్ల కుసుమకుమారిని. ఈ వీలునామా నా చేత్తో నేనే రాస్తున్నాను. పంజాగుట్టలో ఆసుపత్రిలో పద్నాలుగు రోజులు పడుకుని వచ్చాను. చెడింది గుండె, బుర్ర కాదు. ఆ ముక్క డాక్టరు గారి చేత కాగితం మీద రాయించి దీనికి జత చేశాను. ఎందుకంటే మా అక్కకి మతి తప్పిందని కోర్టులో నిలబడి చెప్పగల సమర్థుడు నా తమ్ముడు చక్రపాణి. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలి ఉంటే అసలు రాసేదాన్నే కాదు. ఇంతకు ముందు ఏం రాసి ఉన్నా అది రద్దు.

1. దీన్ని అమలు చేయవలసింది ఎర్రమంజిల్‌లో ఉండే వకీలు స్వరాజ్యం గారు. ఆవిడ నా దగ్గర స్వెటర్ నేర్చుకోవడానికి వచ్చి, రెండు చేతులూ అల్లి, మెడ దగ్గర ఆపేసిన మనిషి. ఎనిమిదేళ్లయింది, ఆ స్వెటర్‌కి ఇంకా మెడ లేదు. నా వీలునామా గతి అలా కాకుండా చూడాలని మనవి.

2. కింద జిరాక్స్ షాపు రాజనర్సయ్యకి నా సిమ్లా శాలువా రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టిన వాళ్లకి వీలునామాలో ఏం రాసినా చెల్లదని స్వరాజ్యం గారు అడ్డుపడ్డారు. నాకు అతని సంతకం కావాలి. అందుకని శాలువా నిన్ననే అతని భుజాన కప్పేశాను. చట్టం బతికున్న మనిషి చేతిని పట్టుకోలేదు కదా.

3. నా రెండు జతల గాజులూ నా మరదలు, చక్రపాణి భార్య మంజూషకి. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మొగుడికి చెప్పకుండా రోజూ చారన్నం తెచ్చింది. ఈ మాట ఇక్కడ రాస్తే వాడికి తెలిసిపోతుందని నాకు తెలుసు. తెలియనీ.

4. నా తమ్ముడు చక్రపాణికి, పెద్ద ట్రంకు పెట్టెలో అడుగున ఉన్న పద్దెనిమిది చేతి తొడుగులు. అన్నీ కుడిచేతివే. ఎర్ర ఊలు మీద తెల్ల ముగ్గు, నాలుగు వేళ్లకి కలిపి ఒకటే సంచి, బొటనవేలికి విడిగా. ఏ మనిషి చెయ్యీ వాటిలో పట్టదు. అవి వాడికంటే న్యాయంగా ఇంకెవరికీ చెందవు. ఎందుకో కింద రాస్తున్నాను, కళ్లజోడు పెట్టుకుని చదువుకోమనండి.

5. 1999 నవంబరులో కేదార్ అని పంజాగుట్ట ఆఫీసులో పనిచేసే అబ్బాయి మా క్లాసుకి వచ్చాడు. వాళ్ల పద్దెనిమిది మందిని మూడు నెలల పనికి ఫిన్లాండు పంపుతున్నారట. అక్కడ చేతులు కొయ్యబారిపోతాయట. మూడు వారాల్లో పద్దెనిమిది జతలు కావాలన్నాడు. మా ఆయన సిమ్లాలో పనిచేసినప్పుడు పక్కింటి పహాడీ ఆవిడ నాకు నేర్పిన రెండు రంగుల అల్లిక అది. హైదరాబాదులో ఆ అల్లిక నా తర్వాత వచ్చింది ఒక్క ఇమామ్ బీకే.

ఇమామ్ బీ నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చి, నాతో పాటు పందొమ్మిదేళ్లు నేర్పిన మనిషి. ఇద్దరం పని పంచుకున్నాం. లెక్క కట్టి, మణికట్టు అంచు మొదలుపెట్టి ఇచ్చేది తను. ఎడమచేతులన్నీ తనవి, కుడిచేతులన్నీ నావి.

సరిగ్గా ఆ మూడు వారాల్లోనే చక్రపాణి రోజూ మెట్లెక్కి వచ్చేవాడు. కింది అంతస్తులో వాడి కంప్యూటర్ క్లాసులు అప్పటికే కిటకిటలాడుతున్నాయి. “అక్కయ్యా, నాలుగు ఊలు ఉండలకి ఇంత గది ఎందుకు? ఇరవై సిస్టమ్స్ పడతాయి ఇందులో. నీకు ఇంట్లో వరండా ఉంది కదా” అనేవాడు. అగ్రిమెంటు కాగితం నా ఒళ్లో ఊలు మీద పెట్టి వెళ్లేవాడు. ఆ గది మా నాన్న నుంచి నాకు వచ్చింది. వాడికి ఇల్లు వచ్చింది, స్థలం వచ్చింది, అయినా ఆ గది మీద నుంచి కన్ను తీయలేదు. నేను పళ్లు నూరుకుంటూ అల్లాను.

రెండు రంగుల అల్లికలో ఒక రంగు పైన కనపడుతుంటే రెండోది లోపలి వైపు నడుస్తుంది. ఆ లోపలి దారాన్ని వదులుగా విడవాలి. లాగితే తొడుగు ముడుచుకుపోతుంది. ఈ ముక్క నేను క్లాసులో ఎన్ని వందల మందికి చెప్పి ఉంటానో! నేను లాగాను. పద్దెనిమిది తొడుగులూ తమ్ముడి మీద కోపంతో లాగి అల్లాను.

కేదార్ వచ్చి ఎడమచేతిది తొడుక్కున్నాడు, దిగింది. కుడిచేతిది వేళ్ల కణుపుల దగ్గరే ఆగిపోయింది. ఇంకోటి తీశాడు, అదీ అంతే. క్లాసులో పన్నెండు మంది ఆడపిల్లలు చూస్తున్నారు. నేను ఇమామ్ బీ వైపు తిరిగి, లెక్క తప్పు కట్టావు, కాలక్షేపానికి వచ్చేవాళ్లకి పని అప్పగిస్తే ఇంతే అన్నాను. ఇంకా అన్నాను. అవి రాయను, నాకు సిగ్గుగా ఉంది.

ఆమె ఒక జత తీసి కుట్లు పైకి లెక్కపెట్టింది. దీనికి నలభై ఎనిమిది, దానికి నలభై ఎనిమిది. రెండూ బల్ల మీద పెట్టి, సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది. కేదార్ కోఠీలో రెడీమేడ్ కొనుక్కున్నాడు.

ఇప్పుడు ఐదేళ్లుగా మింగుతున్నది కక్కుతున్నాను. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఒక కుడి తొడుగు లోపలి వైపు తిప్పి చూశాను. దారాలు కొత్తగా బిగించిన మంచం నులకలా ఉన్నాయి. అప్పుడే తెలిసింది. మర్నాడే ఆమె ఇంటికి వెళ్లి ఉండొచ్చు. అమీర్‌పేట నుంచి ఎర్రమంజిల్ వెనక గల్లీకి ఎంత దూరం? ఆటో కూడా అక్కర్లేదు. వెళ్లలేదు. టీచర్ని కదా! టీచర్‌కి తప్పు రాకూడదు కదా! ఛీ. చక్రపాణి మీద నాకు కోపం నిజమే, చచ్చినా తగ్గదు. కానీ వాడు నా చేత ఊలు లాగించాడు గానీ, నా నోటితో ఆ మాటలు వాడు అనిపించలేదు. అవి నావే.

6. ~~కనుక రెండో అంతస్తులోని నా గదిని, అందులోని బల్లలు, సూదులు, ఊలు, ముగ్గుల పుస్తకంతో సహా, ఇమామ్ బీకి సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను.~~ (కొట్టివేయడమైనది. కు.కు. కారణం ఏడో పేరాలో.)

7. ఇది శనివారం మధ్యాహ్నం రాస్తున్నాను. సంతకాలకని స్వరాజ్యం గారు వచ్చారు. నేను రాజనర్సయ్యని పంపి ఇమామ్ బీని పిలిపించాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. ఐదేళ్లలో జుట్టంతా తెల్లబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. పై ఆరు పేరాలూ స్వరాజ్యం గారు పైకి చదివి వినిపించారు. నిలబడే విన్నది. గది మాట వినగానే ఏడుస్తుందనుకున్నాను. నేను ఎంత వెర్రిదాన్నో చూడండి.

“సాక్షి సంతకం పెడితె ఏం రాదన్నరు గద వకీలమ్మా?” అని అడిగింది. రాదన్నారు ఆవిడ. “అట్లయితె నేనే సాక్షి” అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

నేను అరిచాను. గుండె జబ్బు మనిషిని అని కూడా గుర్తు లేకుండా అరిచాను. బంగారం లాంటి గదిని కాలదన్నుకుంటావా అన్నాను. ఆమె గొంతు పెంచలేదు. “అక్కా, నువ్వు సచ్చినంక ఇచ్చే గది నాకెందుకు? ఆ దినం పన్నెండు మంది ముంగట నన్ను అన్నవు. గా పన్నెండు మంది ముంగటనే తప్పు నీదని ఒప్పుకో. కాయితం మీద రాసి నువ్వు పోతే, నేనెవరికి జవాబియ్యాలె?” అన్నది.

ఇంకో వీలునామా రాసి ఇంకెవరి చేతైనా సంతకం పెట్టిస్తానన్నాను. ఎన్ని రాసినా కోర్టుకొచ్చి వద్దని చెప్తానన్నది. అంతటి మొండిది. నా దగ్గరే నేర్చుకుంది మరి.

అప్పుడు స్వరాజ్యం గారు ఇంకో మాట చెప్పారు. ఆరో పేరా కొట్టేస్తే ఆ గది ఎవరికీ రాయనట్టే. నేను ఇప్పుడు పోతే పిల్లలు లేరు గనక, నాన్న వైపు నుంచి వచ్చిన ఆస్తి గనక, గది నేరుగా చక్రపాణికి పోతుంది. సోమవారానికల్లా ఇరవై సిస్టమ్స్ దించేస్తాడు. నా ఒళ్లు మండిపోయింది. విన్నావా అన్నాను ఇమామ్ బీతో. “విన్న. గట్లయితె సోమవారం దాంక సావకు” అన్నది.

కనుక నేను ప్రకటించేది ఏమిటంటే: ఆరో పేరా నా ఇష్టపూర్వకంగా కొట్టేశాను. ఆనాటి పన్నెండు మందిలో తొమ్మిది మందికి రాజనర్సయ్య షాపు నుంచి ఫోన్లు చేయించాను. సోమవారం పది గంటలకి క్లాసుకి వస్తామన్నారు. మిగతా ముగ్గుర్నీ రేపు వెతికిస్తాను. వాళ్ల ముందు నిలబడి, లెక్క ఇమామ్ బీ సరిగ్గానే కట్టింది, దారం లాగింది నేను, తెలిసి కూడా ఐదేళ్లు నోరు మూసుకున్నది నేను అని చెబుతాను. చెప్పాక గది దానపత్రం బతికుండగానే ఆమె చేతిలో పెడతాను. తీసుకుంటే తీసుకుంటుంది, లేకపోతే నా మొహాన కొడుతుంది. ఆ హక్కు ఆమెది.

ఈలోగా నేను పోతే ఏం చేయాలో రాయమని స్వరాజ్యం గారు పోరుతున్నారు. రాయను. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేళకి వేసుకుంటాను, మెట్లు నిదానంగా ఎక్కుతాను, ఈ రెండు రోజులూ చక్రపాణి వస్తే తలుపు తీయను.

అమీర్‌పేట, 2004 నవంబరు 20, శనివారం.

(సంతకం) కుసుమకుమారి

సాక్షులు:
1. ఇమామ్ బీ, ఎర్రమంజిల్. వీలునామా మొత్తం విని, ఇందులో నాకు ఏమీ రాదని తెలిసే సంతకం పెట్టిన.
2. రాజనర్సయ్య, జిరాక్స్ షాపు, అమీర్‌పేట.