ఆదివారం పాల మాట వద్దు

మంగళవారం

ప్రియమైన మా ఆయనకి,

క్షేమంగా చేరాను. ఫోన్ చేస్తే మీరు "ఊఁ" అంటారు, నేను అరుస్తాను, ఇద్దరం పెట్టేస్తాం. అందుకే ఉత్తరం రాసి పాల వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. ఆయన జేబులో ఒక పూట ఉంటే కాగితానికి కూడా పాల కంపు అంటుకుంటుంది, ముక్కు మూసుకుని చదువుకోండి.

ఈ డెయిరీ ల్యాబులో చేరి ఎనిమిది నెలలైంది. పాలంటే తెల్లగా, కమ్మగా ఉంటాయని నమ్మే మనుషుల్ని చూస్తే నాకు జాలేస్తుంది. పరీక్షకని ఇంటింటి క్యానులోంచి తీసి పంపిన రెండు వందల సీసాల మూతలు రోజూ తీస్తాను. ఒకదాంట్లో వెంట్రుక, ఒకదాంట్లో ఈగ, ఇంకోదాంట్లో పేడ ముక్క. మూత తియ్యగానే తెలిసిపోతుంది, ఆ ఇంటి మనిషి చేతులు కడుక్కున్నాడో లేదో. హాస్టలు గదికి వచ్చి ఎంత సబ్బు రుద్దినా గోళ్ళ సందుల్లో పులిసిన వాసన పోదు. పోనీ ఆదివారం ఇంటికొస్తే హాయిగా ఉంటుందా అంటే, అక్కడ మీరూ మీ ఆవుల పాకా. అందుకే గదా, ఆదివారం ఇంట్లో పాల మాట ఎత్తొద్దని మీకు గట్టిగా చెప్పింది. ఆ ఒక్క రోజైనా నేను మామూలు మనిషిలా ఉండాలి.

మొన్న మీరు సాయంత్రం గడ్డి కోసం వెళ్ళినప్పుడు నల్లావుని దగ్గరగా చూశాను. ఎన్నాళ్ళైందండీ దాన్ని కడిగి? రెండు బకెట్ల నీళ్ళు పోసి నేనే రుద్దాను. వెనక కాలికి ఏదో గుడ్డ పీలిక కట్టి ఉంది, పేడా మూత్రమూ పట్టి నల్లగా, జారుగా. రెండు వేళ్ళతో పట్టుకుని విప్పి పెంటకుప్ప మీద పారేశాను. ఆ ముడి విప్పిన చేత్తో రాత్రి భోజనం చెయ్యలేకపోయాను. మీరేమో అలాంటి వాటి మధ్యే నిద్రలేచి అక్కడే టీ తాగుతారు. మీ ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది.

ఇక నిన్నటి సంగతి వినండి. సోమవారం పొద్దున నన్ను బస్సెక్కించడానికి మీరు స్కూటరు తియ్యడం, మన ఆవుల్ని పితకడానికి పక్కింటి పెద్దమ్మ చెంబు పట్టుకుని రావడం, ఇదంతా వారం వారం జరిగే భాగోతమే గదా. నేను పదింటికి ఇక్కడికి వచ్చేసరికి ట్యాంకరు వచ్చి ఉంది. ముప్ఫై ఊళ్ళ పాలు. పాలలో మందు కలిసిందేమోనని పరీక్ష పెట్టాను. మంచి పాలైతే ఊదా రంగు పసుపుకి తిరగాలి. తిరగలేదు. మళ్ళీ పెట్టాను. తిరగలేదు. ఎవడో దరిద్రుడు, సూదిమందు వేసిన ఆవు పాలు మందు దిగేదాకా ఆగకుండా క్యానులో పోసేశాడు. ఆ ఒక్కడి కక్కుర్తికి ట్యాంకరు మొత్తం కాలవలోకి వదిలేశారు. వెనక గోడ దగ్గర నిలబడి చూశాను. తెల్లగా నురగలు కడుతూ పోతున్నాయి, మధ్యాహ్నానికి ఎండకి పులిసి వాంతి వాసన. ఎవరి క్యానో నేను తేల్చేదాకా నిద్రపోను.

మీరు వేళకి తినండి.

మీ
విసిగిపోయిన ఇల్లాలు


శుక్రవారం

ప్రియమైన ల్యాబు దొరసానికి,

నీ ఉత్తరం అందింది. పాల మాట ఎత్తొద్దని నన్ను కట్టడి చేసి నువ్వు మాత్రం రెండు పేజీల నిండా పాలే పోశావు. బాగుంది న్యాయం.

ఇక్కడంతా మామూలే. ఎర్రావు దూడ కంచె దూరి మొక్కజొన్నలో పడింది. దాన్ని లాక్కొచ్చేసరికి నా చొక్కా చిరిగింది. ఏ చొక్కా అని అడగకు, నీకిష్టమైనదే. నూతి మోటారు మళ్ళీ మొరాయించింది. నువ్వుంటే రెండు తిట్లు తిడితే కదిలేది, నా మాట వినడం లేదు. వంట నేనే చేసుకుంటున్నాను. ఏం చేశానో రాస్తే నువ్వు మళ్ళీ ముక్కు మూసుకుంటావు.

ఒక్క మాట అడుగుతాను. నువ్వు నల్లావు కాలి నుంచి విప్పిన గుడ్డ ఆదివారం సాయంత్రమే పారేశావా? సరిగ్గా గుర్తుందా? ఊరికే అడుగుతున్నాను.

ఆ ట్యాంకరు సంగతి తేలిందా? తేలితే వాళ్ళని ఏం చేస్తారు? తెలియక చేసిన వాళ్ళకి కూడా అదే శిక్షా? నీకు తెలుస్తుంది గదా, అందుకని అడిగాను.

పెద్దమ్మ రెండు రోజులుగా ఇటు రావడం లేదు. ఒంట్లో బాగోలేదేమో. రేపు నువ్వు వస్తావుగా, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

మీ ఆయన


ఆదివారం

ప్రియమైన శ్రీవారికి,

ఈ వారం రాలేకపోయాను, కోపగించుకోకండి. ట్యాంకరు గొడవతో సెలవు రద్దు చేశారు. ముప్ఫై ఊళ్ళ సీసాలూ ఒక్కొక్కటిగా పరీక్ష పెట్టాం. నాకు సీసా మీద ఇక్కడ వేసే రహస్య నంబరు తప్ప పేరు కనపడదు. పేర్ల పుస్తకం మేనేజరు బీరువాలో ఉంటుంది. నిన్న మధ్యాహ్నం దొరికింది. నూట డెబ్భై ఆరు. పెట్టిన మూడు సార్లూ ఊదాగానే ఉండిపోయింది. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడితే ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. చచ్చిన ఎలకని తోకతో పట్టుకున్నట్టుంది.

మేనేజరు పుస్తకం చూసి, ఆరా తీసి ఇవాళ పొద్దున వచ్చి, ఆ ఇంటివాళ్ళు కాదట, వాళ్ళ ఆవుల్ని ఎవరో ముసలావిడ పితికిందట, కళ్ళు సరిగ్గా కనపడవట అన్నారు. ఏ ఊరో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. "హెచ్చరించి వదిలేద్దామమ్మా" అని నసిగారు. నాకు ఒళ్ళు మండింది. "కళ్ళు కనపడనివాళ్ళు పాల దగ్గరికి ఎందుకు రావాలండీ? ఇవాళ వదిలేస్తే రేపు ఇంకొకరు," అన్నాను. నోటీసు నేనే రాశాను, నా చేత్తో, పెద్దక్షరాలతో. ఆ క్యానులో పితికి పోసిన మనిషి పాలు ఇకమీదట ఏ కేంద్రంలోనూ తీసుకోరాదు అని. ముప్ఫై కేంద్రాలకీ కాపీలు వెళ్ళాయి. మీ దగ్గర కూడా గోడకి అంటించే ఉంటారు, వెళ్ళి చూడండి, నా దస్తూరీ మీరు గుర్తుపడతారు.

నన్ను కఠినురాలు అనుకోకండి. ఈ పాలు పసిపిల్లలు తాగుతారు. శుభ్రం తెలియని మనుషుల మీద నాకు జాలి మిగల్లేదు.

గుడ్డ గురించి అంత ఆరా ఏమిటండీ? అదేమైనా మీ తాతగారి తలపాగానా? ఆదివారం సాయంత్రమే పారేశాను. కావాలంటే పెంటకుప్ప మీద వెతుక్కుని ఉతికి కట్టుకోండి.

పెద్దమ్మకి ఎలా ఉంది? నేను అడిగానని చెప్పండి.

మీ
ఇల్లాలు


బుధవారం

ప్రియమైన నీకు,

ఈ ఉత్తరం నాలుగు సార్లు రాసి చింపాను. నీ ఎదురుగా చెప్పాల్సింది. నువ్వు రాలేదు, నాకు అక్కడికి వచ్చే ధైర్యం లేదు.

నూట డెబ్భై ఆరు మన క్యాను.

ఆ శనివారం పొద్దున నల్లావుకి పొదుగు వాచింది. పశువుల డాక్టరు సూదిమందు వేసి ఐదు రోజులు పాలు పక్కన పారబొయ్యమన్నాడు. నువ్వు పట్నంలో ఉద్యోగానికి వెళ్ళాక నేనూ పెద్దమ్మా ఒక గుర్తు పెట్టుకున్నాం. ఎవరి ఆవుకి మందు పడినా వెనక కాలికి ఎర్ర గుడ్డ కట్టాలి. ఎవరు పితికినా గుడ్డ ఉంటే ఆ పాలు క్యానులో పోయకూడదు. మేమిద్దరం ఒకరి పాకలో ఒకరం పితుకుతాం గదా, మాటలు మర్చిపోవచ్చు, గుడ్డ మర్చిపోదు అని ఆవిడే అంది. నీకు ఈ సంగతి తెలియదు. చెబుదామంటే నువ్వొచ్చేది ఆదివారం, ఆదివారం పాల మాట వద్దు. ఆ సాయంత్రం నల్లావుని కడిగావని నువ్వు చెబితే సంతోషించాను కూడా. చీకట్లో కాలి వంక చూడలేదు. సోమవారం తెల్లవారకుండానే నిన్ను బస్సెక్కించడానికి బయల్దేరాను. పెద్దమ్మ వచ్చి చూసింది, గుడ్డ లేదు, పితికి పోసింది.

నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు అర్థమైంది. పెంటకుప్ప దగ్గరికి వెళ్ళి వెతికాను. దొరికింది. దాన్ని పొయ్యిలో పెట్టాను. అవును, నేనే.

మొన్న శనివారం సాయంత్రం మన ఊరి పాల కేంద్రం సెక్రటరీ వచ్చాడు. "నీ పెళ్ళాం పని చేసే చోటికే నీ ఇంటి నుంచి మందు పాలు పోయాయంటే ఆమె ఉద్యోగం ఊడుతుందయ్యా. పితికింది పెద్దావిడే గదా, అలాగే చెప్పేశాను," అన్నాడు.  నీ జీతం లేకపోతే మన బతుకు ఏమవుతుందో నీకూ తెలుసు. తల వంచుకుని నిలబడ్డాను.

ఆ రాత్రే పెద్దమ్మని పిలిచి అడిగారు. ఆవిడ పోట్లాడుతుందనుకున్నాను. "గుడ్డ ఉండే ఉంటుంది నాయనా, వీడు కట్టకుండా ఉండడు. నాకే కనపడలేదు. కళ్ళు పోతున్నాయి కాబోలు," అంది. నేను పక్కనే ఉన్నాను.

నీ నోటీసు వచ్చింది. ఆవిడకున్న ఒక్క ఆవు పాలు కూడా కేంద్రంలో పట్టుకోవడం లేదు. దూడకి వదిలినన్ని వదిలి మిగతావి పెరట్లో పారబోస్తోంది. నిన్న నన్ను అడిగింది, కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని. తీసుకెళ్ళాను. కళ్ళు బాగానే ఉన్నాయమ్మా అన్నాడాయన. ఆవిడ నమ్మలేదు. దారి పొడుగునా స్కూటరు వెనక కూర్చుని "వాడికేం తెలుసురా, అంత గుడ్డ నాకు కనపడలేదుగా" అంటూనే ఉంది. నేను బండి నడుపుతూనే ఉన్నాను.

నన్ను ఏమన్నా అను. కానీ నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు. జరిగిందేదో జరిగిపోయింది.

మీ ఆయన


బుధవారం

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం గురువారమే అందింది. ఇవాళ జవాబు రాస్తున్నాను. ఈ ఆరు రోజులూ ఏం చేశానో చెబుతాను, తర్వాత మీ వంతు.

చదవగానే మీ మీద అసహ్యం వేసింది. గుడ్డని పొయ్యిలో పెట్టిన చేత్తోనే పెద్దమ్మని స్కూటరెక్కించారని తల్చుకుంటే మీ మొహం చూడాలనిపించలేదు. ఆదివారం అందుకే రాలేదు, ఒంట్లో బాగోలేదని డ్రైవరుతో అబద్ధం చెప్పి పంపాను. కానీ అసలు సంగతి అది కాదు. మీ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టి మర్నాడు మామూలుగా పనికెళ్ళాను. సీసాల మూతలు తీశాను. ఎవరిదో క్యానులో వెంట్రుక ఉంటే తిట్టాను కూడా. లోపల ఒక మాట తిరుగుతూనే ఉంది. పితికింది పెద్దమ్మ, నా పేరు ఎక్కడా లేదు, మీరు చెప్పరు, ఇక ఎవరికీ తెలియదు అని. నాకు హాయిగా అనిపించిందండీ. నిజం. నాలుగు రోజులు ఆ హాయిలోనే ఉన్నాను. ఎనిమిది నెలల్లో ఈ ల్యాబులో నేను చూసిన కుళ్ళేదీ దీని ముందు నిలవదు.

మంగళవారం నోటీసు బోర్డు ముందు నిలబడి నా పెద్దక్షరాలు నేనే చదువుకున్నాను. తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, ఆ ముసలావిడ కళ్ళు బాగానే ఉన్నాయి, ఆవు కాలి గుడ్డ విప్పి పారేసింది నేను అని చెప్పాను.

ఆయన తలెత్తలేదు. "మీ ఇంటి క్యానని నాకు మొదటి రోజే తెలుసమ్మా. పుస్తకం నా దగ్గరే గదా. మీరు పనిమంతులు, పోగొట్టుకోవడం ఇష్టం లేక ఆ ముసలావిడ పేరు అలా ఉండనిచ్చాను," అన్నారు. ఏదో పుణ్యం చేసినట్టే అన్నారు. అంటే ఆయనకి తెలుసు, సెక్రటరీకి తెలుసు, మీకు తెలుసు. నన్ను కాపాడటానికి ఇంతమంది మగవాళ్ళు కలిసి ఒక ముసలి మనిషిని గుడ్డిదాన్ని చేశారు. నోటీసేమో నా చేత్తో రాయించారు. కాదు, ఎవరూ రాయించలేదు. నేనే ఎగబడి రాశాను.

బోర్డు మీది కాగితం చింపి ఇంకోటి రాశాను. తప్పు పితికిన మనిషిది కాదు, ల్యాబులో పరీక్షలు చేసే మనిషిది, ఆ పితికినావిడ పాలు ఎప్పటిలాగే తీసుకోవాలి అని. కింద సంతకం పెట్టాను. మేనేజరు ముద్ర వెయ్యనన్నారు. అయితే ట్యాంకరు డ్రైవర్లందరికీ నోటితో చెప్పి పంపిస్తానన్నాను. ముద్ర వేశారు. ముప్ఫై కాపీలూ ఈ సాయంత్రం వ్యానుల్లో బయల్దేరుతున్నాయి. ఈ ఉత్తరం కూడా వాటితోనే వస్తోంది.

ఉద్యోగం పూర్తిగా ఊడలేదు. సోమవారం నుంచి క్యాన్లు కడిగే షెడ్డులో. జీతం సగానికి తక్కువే. చొక్కాలు చింపుకోకుండా ఉంటే ఎలాగో నెట్టుకొస్తాం. నాకు ఆ షెడ్డు కంపు అంటేనే డోకు వచ్చేది. ఇప్పుడు అందులోకి వెళ్ళడానికి పెద్దగా ఏమీ అనిపించడం లేదు.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. మీరు బస్టాపుకి రావద్దు. పెద్దమ్మ ఇంటి ముందు ఉండండి, నేను తిన్నగా అక్కడికే వస్తాను. ముందు నేను చెబుతాను, తర్వాత పొయ్యి సంగతి మీరు చెప్పాలి, నసక్కుండా. ఆవిడ తిడితే ఇద్దరం నిలబడి వినాలి. తలుపు మొహాన వేస్తే బయట కూర్చుందాం. మర్నాడు ఆదివారం, నాకు వేరే పనేమీ లేదు.

కళ్ళ డాక్టరు చెబితే ఆవిడ నమ్మలేదని రాశారు. ఎలా నమ్ముతుందండీ? నమ్మించగలిగిన మనిషి స్కూటరు నడుపుతూ ముందే కూర్చున్నాడు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మీ
ఇల్లాలు