నలభై రోజులు బావకి ఫోన్ చెయ్యను

ఫిబ్రవరి 14, బుధవారం. ఉదయం 8:15

శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టర్ దాకా నలభై రోజులు. మా చర్చి పాటల బృందంలో ఒకావిడ మాంసం మానేసింది. ఇంకొకావిడ పంచదార మానేసింది. నేను బావని మానేశాను.

కారణం: మొన్న శనివారం. పాటల బృందం మొత్తం నా పోస్టర్ల కొట్లో నిలబడి ఉంది. ప్రింటర్ మొరాయించింది. మా అక్క మొగుడు, కంప్యూటర్లు బాగుచేసే ఎబో బావ వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? కుర్చీలో కూలబడ్డాడు. వేయించిన చేపతో మూడు కెంకే ముద్దలు, అవే పులిసిన మొక్కజొన్న పిండివి, లాగించాడు. "అది నొక్కు. ఇది ఊడదియ్. కాదు, పక్కది" అంటూ పనంతా నా చేతే చేయించాడు. చివర్లో మూతి తుడుచుకుని అందరూ వినేలా, "ఈ కంప్యూటర్ని మా మరదలు ముట్టుకోకుండా ఉంటే చాలు, ఇంకో ఇరవై ఏళ్ళు బతుకుతుంది!" అన్నాడు. పన్నెండు మంది ఆడవాళ్ళు పకపకా నవ్వారు. పని నాది, పేరు ఆయనది, నవ్వులపాలైంది నేను!

అందుకే ఒట్టు. ఈస్టర్ దాకా బావకి ఫోన్ చెయ్యను. నా కంప్యూటర్ని నేనే బాగుచేసుకుంటాను. మంకెసిమ్ ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరైనా "అరబా చెయ్యి పడితే చాలు" అనాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు.

కొన్నవి:
స్క్రూడ్రైవర్ల పెట్టె (ఎరుపు).
దుమ్ము దులిపే కుంచె.
ఈ డైరీ.

ఫిబ్రవరి 15, గురువారం. ఉదయం 11:00

తొలి పరీక్ష! కంప్యూటర్‌కి ప్రింటర్ కనపడటం లేదు. పక్కపక్కనే ఉన్నాయి, అయినా ఎవరో తెలియనట్టు కూర్చున్నాయి.

విషయం ఏమిటంటే, నా కంప్యూటర్‌కి ఇరవై రెండేళ్ళు. దానిలో నడిచే సిస్టంని తయారుచేసినవాళ్ళే ఎప్పుడో వదిలేశారు. మరి కొత్తది కొనుక్కోవచ్చుగా అంటారు అందరూ. కొంటాను, కానీ నా పెద్ద పోస్టర్ల ప్రింటర్ కొత్తవాటితో మాట్లాడదు. దాని డ్రైవర్ ఈ పాత సిస్టంలోనే పనిచేస్తుంది. డ్రైవర్ అంటే వాళ్ళిద్దరి మధ్యా మాట కలిపే పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది.

11:40. బిస్కెట్ల డబ్బాలో డ్రైవర్ సీడీ దొరికింది. పాతది తీసేసి మళ్ళీ ఎక్కించాను.

12:25. పనిచేసింది!! టకటకా ప్రింటు! ఒక్కదాన్నే! ఎవరి సాయం లేకుండా!

12:30. బావకి ఫోన్ చేసి చెబుదామనిపించింది. చెయ్యలేదు. ఎంత నిగ్రహం!

ఫిబ్రవరి 16, శుక్రవారం. మధ్యాహ్నం

పెద్ద బేరం. ఎన్కుమ్ వాళ్ళ వంశపెద్ద క్వావ్ గారు స్వయంగా వచ్చారు, చేతికర్రతో. డిసెంబరులో వాళ్ళమ్మ మామె క్రంపా పోయింది, మా వైపు రివాజు ప్రకారం మార్చురీలో ఉంచారు. అంత్యక్రియలు మార్చి 2, శనివారం. అరవై గోడ పోస్టర్లు కావాలట.

"వయసెంత వెయ్యమంటారు పెద్దయ్యా?"

"నూట రెండు."

"చర్చి పుస్తకంలో తొంభై రెండని ఉందిగా. మా అమ్మ చెప్పేది."

"బాప్తిస్మం ఆలస్యమైందిలే. నూట రెండు వెయ్యి."

వేస్తాను. పోస్టర్ ఫారం బావ ఎప్పుడో చేసిపెట్టిందే. పుట్టిన సంవత్సరం కొడితే చాలు, పోయిన సంవత్సరం, వయసు అదే వేసేసుకుంటుంది. క్వావ్ గారి లెక్కప్రకారం 1922 కొట్టాను. ఇక పిల్లలు, మనవలు, మునిమనవలు, అల్లుళ్ళు, కోడళ్ళు కలిపి డెబ్భై నాలుగు పేర్లు. అసలు ప్రాణం తీసేది అవే. ఒక పేరు కిందికి జారిందంటే ఆ ఇంటివాళ్ళు అంత్యక్రియలకే రారు.

ఫిబ్రవరి 17, శనివారం. ఉదయం

కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది.

కంప్యూటర్ ఆన్ చేస్తే నల్ల తెరమీద ఇంగ్లీషులో ఏదో పెద్ద వాక్యం. చివర, ముందుకు వెళ్ళాలంటే ఎఫ్-వన్ నొక్కండి అని ఉంది. మర్యాదగా అడిగిందిగా, నొక్కాను. వెళ్ళింది. బావ అయితే దీనికి రెండు ముద్దలు తినేవాడు.

ఫిబ్రవరి 19, సోమవారం. ఉదయం 9:00

కంప్యూటర్ నీరసంగా ఉంది. ఏ వెబ్‌సైట్ తెరిచినా "దీన్ని నమ్మలేం" అంటోంది. నన్నే అంటోందేమో!

9:30. ఆలోచన వచ్చింది. అప్‌డేట్! పాతదాన్ని అప్‌డేట్ చేస్తే కుర్రది అవుతుంది కదా. సిస్టం చేసినవాళ్ళ దగ్గర అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. ఫోన్లో వెతికితే ఎవరో పుణ్యాత్ముడు అన్ని డ్రైవర్లనూ ఒక్క దెబ్బతో అప్‌డేట్ చేసే సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తున్నాడు.

10:15. అది నా కంప్యూటర్‌లో 346 తప్పులున్నాయంది. ఇన్ని తప్పులతో ఇన్నాళ్ళూ ఎలా బతికింది తల్లీ! "అన్నీ సరిచెయ్యి" నొక్కాను.

11:00. ఇప్పటి పరిస్థితి:
మౌస్ చచ్చింది.
తెర మీద బొమ్మలన్నీ దోసెల్లా సాగాయి.
ఎప్పుడూ లేని శబ్దం వచ్చింది. ఆన్ చేస్తే సంగీతం వాయిస్తోంది.
ఎడమ పక్క బరువు తగ్గే మందు ప్రకటన. తీస్తే మళ్ళీ వస్తోంది.

11:20. ఎఫ్వా అక్కకి ఫోన్ చేశాను. అక్క బావ కాదు. కనక ఒట్టు భద్రం.

"అక్కా, ఊరికే అడుగుతున్నాను. ఎవరిదో కంప్యూటర్‌లో ఏదో అడ్డమైంది ఎక్కించుకుంటే ఏం చెయ్యాలి?"

"ఎవరిదే?"

"తెలిసినవాళ్ళది."

వెనకనుంచి బావ గొంతు. "ఎక్కించినదాన్ని దించి, ఆపి, మళ్ళీ ఆన్ చెయ్యమను ఆ తెలిసినవాళ్ళని! ప్రింటర్ డ్రైవర్ జోలికి మాత్రం పోవద్దను!"

విన్నాను. నేను అడగలేదు, ఆయన చెప్పాడు. గాలిలో వచ్చిన మాట చెవిన పడితే నా తప్పా?

12:10. అంతా మామూలైంది. ప్రింటర్ కూడా బాగుంది.

ఫిబ్రవరి 20, మంగళవారం. రాత్రి 7:00

అరవై పోస్టర్లూ అయ్యాయి! రంగులు ఎంత బాగా వచ్చాయో. "మహిమలోకానికి పిలుపు" అని పైన బంగారు అక్షరాలు. మధ్యలో మామె క్రంపా, పడుచు వయసు ఫొటో.

డెబ్భై నాలుగు పేర్లూ మూడుసార్లు చదివాను. క్వావ్ గారు కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో వెతుక్కున్నారు. తన పేరు మొదటి వరుసలో, అందరికన్నా పైన ఉంది. "అద్భుతం" అన్నారు. వాళ్ళ ఇద్దరు అక్కచెల్లెళ్ళూ తమ పేర్లు చూసుకున్నారు. వాళ్ళకీ అద్భుతమే. చీకటి పడకముందే ఊరంతా అతికించేశారు.

బావా, విన్నావా! నీకు ఇక సెలవు!

ఫిబ్రవరి 21, బుధవారం. ఉదయం 7:10

సంతరోజు. ఊరి సర్కిల్ దగ్గర గోడ ముందు జనం. నా పోస్టరే! పేరొచ్చేసింది అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నారు. చేపలమ్మే ఆవిడ బుట్ట దించి మరీ నవ్వుతోంది.

7:12. చదివాను. "1922 – 2002. వయసు 80."

దేవుడా! దేవుడా!

7:30. కొట్టు ముందు క్వావ్ గారు. కర్రతో తలుపు కొట్టారు. వెనక అక్కచెల్లెళ్ళు.

"మా అమ్మ రెండువేల రెండులో పోయిందా?"

"పెద్దయ్యా, అది..."

"అయితే మొన్న క్రిస్మస్ దాకా నన్ను రోజూ తిట్టిపోసింది ఎవరే?"

చెల్లెలు అందుకుంది. "ఇరవై రెండేళ్ళు మార్చురీలో పెట్టారా, అంత్యక్రియలకి ఇంత ఆలస్యమా అని సంతలో అడుగుతున్నారు! తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"వయసు నూట రెండు చెబితే ఎనభైకి దించావు" అన్నారు క్వావ్ గారు. కోపంకన్నా బాధే ఎక్కువుంది ఆ గొంతులో. "రేపు సాయంత్రానికి కొత్తవి గోడల మీద ఉండాలి. లేకపోతే పోస్టర్లకి కేప్ కోస్ట్ వెళ్తాం. ఇది ఒక్కటే కాదు, మా వంశంలో ఇక ఎవరు పోయినా అక్కడికే."

వాళ్ళ వంశం ఈ ఊళ్ళో సగం. నేను పదహారేళ్ళుగా బతుకుతున్నది ఈ పోస్టర్ల మీదే.

8:00. ఇప్పుడు చూశాను. కంప్యూటర్ మూలన ఉన్న తేదీ: జనవరి 5, 2002. ఎప్పటినుంచి అలా ఉందో! ఫారం దాన్నే నమ్మి లెక్కవేసింది. సంవత్సరం చేత్తో దిద్దుదామంటే ఆ గడికి బావ తాళం పెట్టాడు.

8:20. తేదీ దిద్దాను. హమ్మయ్య.

8:35. కరెంటు పోయి వచ్చింది. మళ్ళీ 2002!

9:00. కంగారులో అన్నీ శుభ్రంగా తీసేసి మళ్ళీ ఎక్కిద్దామనుకున్నాను. ప్రింటర్ డ్రైవర్ కూడా తీసేశాను. బావ వద్దన్నదే చేశాను. ఇప్పుడు ఎక్కనంటోంది.

10:05. బావకి మిస్డ్ కాల్ ఇచ్చాను. మిస్డ్ కాల్ ఫోన్ కాదు. మాట్లాడలేదు కదా.

10:10. ఇంకొకటి.

10:12. ఇంకో మూడు. తిరిగి చెయ్యడే!

10:40. చేశాను. ఫోనే చేశాను. ఒట్టు గట్టున పెట్టాను. ఏడు రోజులు నిలిచింది.

"ఎవరూ?" అన్నాడు బావ.

"ఎవరేమిటి? నా పేరు కూడా కనపడలేదా నీ ఫోన్లో?"

"ఓహో, మరదలా! ఆ తెలిసినవాళ్ళు ఎలా ఉన్నారు?"

"చచ్చారు. బావా, నువ్వు రావాలి. బతిమాలుతున్నాను."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "రేపు పొద్దున్నే వస్తాను, ఏడవకు" అన్నాడు. నేను ఏడవడం లేదు. కొంచెం ఏడ్చాను.

ఫిబ్రవరి 22, గురువారం

ఉదయం 8:30. బావ వచ్చాడు. అప్పటికే క్వావ్ గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా. అక్కచెల్లెళ్ళు, ఊళ్ళోవాళ్ళు ఓ పదిమంది.

విషయం చెప్పాను. "లోపల బొత్తాం బ్యాటరీ చచ్చింది. కరెంటు లేనప్పుడు తేదీని గుర్తుపెట్టుకునేది అదే" అన్నాడు వెంటనే. "నీ డ్రైవర్ తయారైంది 2005లో. కంప్యూటర్ ఇంకా 2002 అనుకుంటోంది. పుట్టనివాణ్ణి ఇంట్లోకి ఎలా రానిస్తుంది?" అందరూ ఆహా అన్నారు.

పక్కన చేతిగడియారాలు బాగుచేసే ఆయన దగ్గర బ్యాటరీ తెచ్చాను. జనం చూస్తున్నారు కదా, ఈసారి బావ కుర్చీలో కూర్చోలేదు. తనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు.

స్క్రూ తల ఇక్కడుంటే ఆయన అక్కడ తిప్పుతున్నాడు. ఒక స్క్రూ పడిపోయింది. వెతుకుతూ నేలంతా చేత్తో తడిమాడు. అది ఆయన బూటు పక్కనే మెరుస్తోంది.

బయటివాళ్ళకి కనపడకుండా గుమ్మం పరదా వేశాను. "బావా," అన్నాను గొంతు తగ్గించి, "నీకు కనపడటం లేదా?"

"గట్టిగా అనకు." నుదుట చెమట. "ఆరు నెలలైంది. అంతా మబ్బు. శుక్లం అన్నాడు డాక్టరు. ఈస్టర్ తరవాత ఆపరేషన్ చేస్తాడట. మీ అక్కకి కూడా చెప్పలేదు. ఊళ్ళో తెలిస్తే ఎవరు పిలుస్తారు నన్ను?"

ఆరు నెలలు! అంటే కుర్చీలో కూర్చుని కెంకే తింటూ అది నొక్కు, ఇది ఊడదియ్ అన్నదంతా... ఆరు నెలలుగా ఈ కంప్యూటర్ని బాగుచేస్తున్నది నేను. నేనే! ఎగిరి గంతెయ్యాలో, ఆయన్ని పట్టుకుని ఏడవాలో తెలియలేదు.

"లే," అన్నాను. "కుర్చీలో కూచో. నోటితో చెప్పు."

పది నిమిషాల పని. మూత తీశాను, పాతది మీటాను, కొత్తది నొక్కాను. బయటివాళ్ళ కోసం బావ లోపలినుంచి కేకలు. "పక్కకి తప్పుకో మరదలా! వెలుతురు అడ్డం!" తేదీ పెట్టాను. ప్లగ్ తీసి మళ్ళీ పెట్టి చూశాను. తేదీ కదలలేదు. డ్రైవర్ బుద్ధిగా ఎక్కింది. మొదటి పోస్టర్: 1922 – 2023, వయసు 101.

"అయ్యో!" అన్నాను. "డిసెంబరులో కదూ పోయింది, కంప్యూటర్లో ఆ నెల తేదీయే పెట్టాను. ఒకటి తగ్గింది."

"1921 కొట్టు," అన్నాడు బావ. "బాప్తిస్మం ఇంకా ఆలస్యమైందనుకుందాం."

మధ్యాహ్నం 1:00. అరవయ్యో పోస్టర్ వచ్చింది. ఈసారి క్వావ్ గారు పేర్లు చూడలేదు, అంకెలు చూశారు. నూట రెండు! మొహం విప్పారింది. లోపలికి వచ్చి బావ రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఎబో, నీ చెయ్యి పడితే చాలయ్యా!"

నా మాట! నాకు రావలసిన మాట! దానికోసమే కదా ఇదంతా. బావ నావైపు తిరిగాడు. చూపు సరిగ్గా నామీద లేదు, కాస్త పక్కన ఉంది. చెప్పేస్తాడేమో అనిపించింది. నోరు తెరిచాడు కూడా.

నేనే ముందు అందుకున్నాను. "అవును పెద్దయ్యా. బావ రాకపోతే మునిగిపోయేదాన్ని."

మనసొప్పలేదు. అయినా అన్నాను.

ఫిబ్రవరి 23, శుక్రవారం. ఉదయం 8:00

కొత్త తీర్మానం. నేటినుంచి ఈస్టర్ దాకా బావకి ఫోన్ చెయ్యను. ఇదివరకటి వారం లెక్కలోకి రాదు. ఈసారి మిస్డ్ కాల్ కూడా ఇవ్వను. అక్కకి చేస్తాను, కానీ కంప్యూటర్ గురించి కాదు. శుక్లాల గురించి ఈ వారంలోనే ఆయన నోటితోనే అక్కకి చెప్పించాలి.

9:20. ఫోన్ మోగింది. బావ.

"మరదలా, సాల్ట్‌పాండ్‌లో ఒక బడి కంప్యూటర్ పడుకుంది. నీదాని కన్నా ముసలిది. నాతో వస్తావా?"

"నాకు ఖాళీ లేదు."

"మూడు కెంకే ముద్దలు పెట్టిస్తాను."

"నాలుగు. కుర్చీలో నువ్వే కూచోవాలి, కేకలు మాత్రం తగ్గించాలి."

"అలాగే, అలాగే."

9:25. కొట్టు మూశాను. ఎర్ర పెట్టె సంచీలో వేసుకున్నాను. నేను ఫోన్ చెయ్యలేదు, ఆయనే చేశాడు. మొదటి రోజు, ఒట్టు భద్రం.