పడనట్టే లెక్క

జూలై 9, బుధవారం

ఓడిపోయాను. తొమ్మిది వేల పైచిలుకు తేడా. కౌంటింగ్ హాల్లోంచి బయటికి రాగానే దుఃఖం వస్తుందనుకున్నాను. ఆకలి వేసింది.

గెలిచినాయనది టైర్ల షాపు. ఊరంతా ఆయన్ని మైకు అంటారు, మైకు అక్కర్లేని గొంతు కాబట్టి. మార్చిలో శాసనసభ ఆయన్ని బహిష్కరించింది. స్పీకర్ తన తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటించుకుని కూర్చున్నాడని అన్నాడు. క్షమాపణ చెప్పమంటే, చింతపండుకైతే చెబుతాను, పాపం దాన్ని అనవసరంగా ఇందులోకి లాగాను అన్నాడు. సభ్యత్వం పోయింది. ఖాళీ అయిన సీటుకి ఉపఎన్నిక పెట్టారు. వెళ్లగొట్టినవాడు మళ్లీ నిలబడకూడదని ఎక్కడా రాసి లేదు కనుక నిలబడ్డాడు. ఆయన ఎదుట పెట్టడానికి అధికార పక్షానికి మచ్చలేని మొహం ఒకటి కావలసి వచ్చింది. కాలేజీలో ఏళ్ల తరబడి జాగ్రఫీ చెబుతున్న నా మొహం దొరికింది.

ఎందుకు ఒప్పుకున్నాను? సభకి ఒక మర్యాద ఉండాలని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే ఆ తక్కెడ మాట విన్నప్పుడు నాకూ నవ్వు వచ్చింది. రెండూ నిజమే.

జూలై 11

భోజనాల దగ్గర అత్తయ్య చల్లగా బయటపెట్టింది. తన ఓటు మైకుకే వేసిందట. మా ఆయనకి మంచినీళ్లు పొలమారాయి. ఎందుకని అడిగాను, కోపం లేకుండానే. కొంచెం ఉందేమో. నువ్వు అటా ఇటా అని ఆలోచించేసరికి వాళ్లు సభ మూసేసి ఇళ్లకి పోతారే అంది. మన సందులో కాలువ పొంగినప్పుడు ప్యాంటు మడుచుకుని దిగింది ఆ అబ్బాయే కదా అని కూడా అంది. కోడలివని నీకు వేస్తే దాన్ని ఓటనరు, పెట్టుపోతలు అంటారట.

మా ఆయన ఎవరికి వేశారో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

జూలై 16, సాయంత్రం 6

మైకు ప్రమాణం చేయడానికి వెళ్తే తలుపు దగ్గరే ఆపేశారు. లోపల తీర్మానం చేశారు. సభ వెళ్లగొట్టిన మనిషి ఈ సభ కాలం తీరేదాకా అనర్హుడు. అనర్హుడికి వేసిన ఓట్లు పడనట్టే లెక్క. కాబట్టి, పడిన ఓట్లలో ఎక్కువ ఎవరికొస్తే వారే సభ్యులు.

పడిన ఓట్లలో ఎక్కువ నాకు వచ్చాయి.

పార్టీ విప్ ఫోన్ చేసి కంగ్రాట్స్ మేడమ్, సోమవారం ప్రమాణం అన్నాడు. రాంగ్ నంబరని పెట్టేశాను. మళ్లీ చేశాడు.

జూలై 17

ఓడిపోయిన ఎన్నికలో గెలిచాను.

జూలై 19, శనివారం

అత్తయ్య పొద్దున్నే పట్టుకుంది. అయితే నా ఓటు పడనట్టేనా అని అడిగింది. సభ అలా భావిస్తోందని చెప్పాను. ఎండలో అంతసేపు క్యూలో నిలబడ్డ మోకాళ్లు ఇంకా సలుపుతుంటే నేను అసలు వెళ్లనే లేదంటారా, సభకి మోకాళ్లు లేవా అంది. కాఫీ కలపడానికి లేచాను.

పార్టీ లాయర్ వచ్చాడు. చిన్నవాడే కానీ మాట పదును. నేను లెక్చరర్ని కదా, నాకు తెలిసిన భాషలోనే చెప్పాడు. డీబార్ అయిన స్టూడెంట్ దొంగతనంగా హాల్లో కూర్చుని పరీక్ష రాస్తే ఆ పేపరు దిద్దుతారా మేడమ్, ఎంత బాగా రాసినా పక్కన పెడతారు కదా అన్నాడు. బాగానే ఉంది. నేనూ అలాంటి పేపర్లు పక్కన పెట్టినదాన్నే. కానీ ఇక్కడ పరీక్ష రాసింది ఆయన కాదు, జనం. వాళ్లనెవరూ డీబార్ చేయలేదు.

మరి రేపు జనం ఒక హంతకుణ్ణి ఎన్నుకుంటే సభ తలుపు తీసి రమ్మనాలా? ఈ ప్రశ్న కూడా నాదే. లాయర్ వెళ్లిపోయాక నాలో నేనే వేసుకున్నాను.

రాజీనామా చేస్తే ఏమవుతుందని కూడా అడిగాను. మళ్లీ ఉపఎన్నిక పెడతారు, మళ్లీ మైకే గెలుస్తాడు, మళ్లీ ఆ ఓట్లు పడనట్టే. మీ కుర్చీలోకి ఇంకొకరొస్తారు, వాళ్లకి మీకున్నపాటి సంకోచం కూడా ఉండదు అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు.

జూలై 21

ప్రమాణం చేశాను. గొంతు వణకలేదు. అందుకే సిగ్గేసింది.

ప్రతిపక్షం వాళ్లు గొడవ చేస్తారని సిద్ధపడి వెళ్లాను. ఒక్కరూ నోరెత్తలేదు. నేను నడిచి వెళ్తుంటే అందరూ తలలు వంచుకుని కాగితాలు చదువుకున్నారు. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టు అరిచినా ఇంతకంటే నయం. కుర్చీ చేతి దగ్గర రంగు అరిగిపోయి ఉంది. మైకు అక్కడ దరువు వేసేవాడట, పక్క సీటావిడ చెప్పింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

జూలై 30

నా ఆఫీసుకి ఎవరూ రారు. జనమంతా టైర్ల షాపుకే వెళ్తారు. ఇవాళ మాత్రం పై కాలనీ నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. నీళ్ల ట్యాంకు పగిలి నెలయిందట. మమ్మల్ని మైకన్న పంపించాడు అన్నారు. ఓట్లు నా దగ్గరున్నాయి, తలుపు తాళం ఆవిడ దగ్గరుంది, వెళ్లి తియ్యమనండి అన్నాడట. ఆవిడ మంచిదే, అడిగితే కాదనదు అని కూడా అన్నాడట.

సభలో అడిగాను. మంత్రి వారంలో బాగు చేయిస్తానన్నాడు. ఇంటికి రాగానే మా ఆయన, అసలు సభ్యుడు అతను, నువ్వు అతని మైకువి అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆగస్టు 6, బుధవారం

జూలై 16 నాటి తీర్మానాన్ని మొదటినుంచీ లేనట్టుగా కొట్టివేయాలని ప్రతిపక్షం రేపు ప్రతిపాదిస్తుంది. అది నెగ్గితే మైకు లోపలికి, నేను ఇంటికి. మామూలుగా నెగ్గదు. అయితే మా పక్షంలోనే కొందరు గొణుగుతున్నారు. ఇవాళ వాళ్లకి నూరిన కత్తి రేపు మన మెడ మీదికే వస్తుందంటున్నారు.

సొంత సీటు గురించి చర్చ వస్తే సభ్యులు లేచి బయటికి వెళ్లడం ఆనవాయితీ. హాయిగా వెళ్లిపోదామనుకున్నాను. విప్ ఆ దారి కూడా మూశాడు. ఇది ఒక సీటు సంగతి కాదు, సభ హక్కుల సంగతి, ఆవిడ నిస్సందేహంగా సభ్యురాలు, ఓటు వేయవచ్చని స్పీకర్ చేత రూలింగ్ ఇప్పించాడు. ఒక్క ఓటు కూడా జారనివ్వను మేడమ్ అన్నాడు.

అత్తయ్య గ్యాలరీ పాసు అడిగింది. నా ఓటు గురించే కదా మాట్లాడుకునేది, నేను వినొద్దా అంది.

ఆగస్టు 7

లేచి నిలబడితే తలలు లెక్కపెట్టే పద్ధతి. ప్రతిపాదనకి అనుకూలమైనవాళ్లు లేవండి అన్నారు.

హంతకుడి ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. జవాబు దొరికేదాకా ఇంకొకరి కుర్చీలో కూర్చుని ఆలోచించడం మాత్రం బాగోలేదనిపించింది. లేచాను. విప్ నా వైపు చూసిన చూపుకి పక్క సీటావిడ కూడా వెనక్కి జరిగింది.

ఒక్క ఓటుతో నెగ్గింది. ఆ ఒక్కటీ నాదే.

చప్పట్లు పూర్తికాకముందే విప్ లేచాడు. తీర్మానం మొదటినుంచీ లేనట్టయితే ఈవిడ మొదటినుంచీ సభ్యురాలు కాదు అధ్యక్షా, సభ్యురాలు కానివారి ఓటు పడనట్టే లెక్క అన్నాడు. అది తీసేస్తే సరిసమానం. సరిసమానమైతే స్పీకర్ ఓటుతో ప్రతిపాదన వీగిపోతుంది. ప్రతిపక్ష నాయకుడు నెమ్మదిగా లేచి, వీగిపోతే తీర్మానం బతికినట్టే, అప్పుడు ఆవిడ సభ్యురాలే, మరి ఆవిడ ఓటు ఎందుకు తీశారు అని అడిగాడు. అది కలిపితే మళ్లీ నెగ్గుతుంది. నెగ్గితే నేను లేను.

స్పీకర్ కళ్లద్దాలు తీసి ముక్కు నొక్కుకుని సభని వాయిదా వేశారు.

ఆగస్టు 8

స్పీకర్ రూలింగ్ వచ్చింది. చట్టంలో దారి లేనందున, ఓటు వేసిన క్షణాన తాను సభ్యురాలినని ఆ వ్యక్తి సభ ముందు చెబితే ఓటు చెల్లుతుంది, కాదంటే చెల్లదు. సోమవారం అడుగుతారట.

విప్ ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, తేనె ఉంది. మీరు మొదటినుంచీ మనసులో ఏం అనుకుంటున్నారో అదే చెప్పండి మేడమ్, నిజమే చెప్పండి చాలు అన్నాడు.

నిజం చెబితే, నేను ఒక్కరోజు కూడా సభ్యురాలిని కాను. ఆ మాట అంటే నా ఓటు పోతుంది, నేను ఉండిపోతాను. అత్తయ్యకి ఇదంతా విడమరిచి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుని, అబద్ధమాడితే ఇంటికొస్తావన్నమాట అంది. నేను లైటు తీయబోతుంటే, అబద్ధమాడి వచ్చినవాళ్లకి ఇంట్లో అన్నం పెట్టమా ఏంటి అంది.

ఆగస్టు 11, సోమవారం

స్పీకర్ అడిగారు. సభ్యురాలినే అన్నాను. ఓటు చెల్లింది, ప్రతిపాదన నెగ్గింది.

పాసు, ఫైలు కౌంటర్లో ఇచ్చేశాను. బయటికొస్తుంటే గేటు దగ్గర గార్డు విజిటర్ స్లిప్పు అడిగాడు. లేదన్నాను. మరి లోపలికి ఎలా వెళ్లారని అడిగాడు.