కనుబొమ్మ మీది గాటు

నాన్నా కోటీ,

బాగున్నావా? నువ్వు విషజ్వరంతో పోయి ఇవాళ్టికి మూడు నెలలు. పోయినవాణ్ణి పట్టుకుని బాగున్నావా అంటున్నాను చూడు... మీ నాన్న బుద్ధి అంతే.

భయమేస్తోందిరా. అందుకే రాస్తున్నాను.

బర్మా యుద్ధంలో నేను పటాలానికి వడ్రంగం చేసేటప్పుడు తైవో అనే ఆఫ్రికా సిపాయి నాకు జత. నువ్వూ నీ తమ్ముడూ లాగే వాడూ కవలల్లో ఒకడు. రెండోవాడు పసితనంలోనే పోయాడట. వాడి పేర జానెడు కొయ్యబొమ్మ సంచిలో పెట్టుకు తిరిగేవాడు. తను తినేముందు దాని నోటికి ఓ మెతుకు తాకించేవాడు. పోయిన కవల ఆత్మ అందులో ఉంటుందనీ, ఆకలితో మాడిస్తే బతికున్నవాణ్ణి తోడు పిలుచుకుంటుందనీ చెప్పాడు. అప్పుడు నవ్వాను. ఏదీ ఇప్పుడా నవ్వు?

నువ్వు పోయాక మీ అమ్మ అన్నం మానేసింది. ఆమె కోసమని వేప మొద్దు తెచ్చి నీ బొమ్మ చెక్కాను. తైవో బొమ్మది పసివాడి ముఖం కాదు, పెద్దమనిషి ముఖం. వాళ్ళు పోలిక చెక్కరట. నాకు మాత్రం పోలిక రావాలి! మాచర్లలో నా అంత పనివాడు లేడని పొగరు కదా. ఇద్దరిదీ ఒకటే అచ్చు కదా అని, నీ తమ్ముడు వీరిగాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తూ చెక్కాను.

మీ అమ్మ బొమ్మను కొంగుతో తుడిచి, "ఇదేందయ్యా, వీరిగాడి గాటు దీనికి పెట్టావు?" అంది.

ఎడమ కనుబొమ్మ మీద గాటు... చిన్నప్పుడు నా ఉలి మీద పడింది వాడు కదా, నువ్వు కాదు. బతికున్నవాణ్ణి చెక్కానా?

మర్నాడే వాడికి జ్వరం తగిలింది.

ఇవాళ్టికి ఏడో రోజు. డాక్టరు మందిస్తూనే ఉన్నాడు. ఆ గాటు తీసేద్దామని ఉలి పట్టుకుంటాను... తీస్తే వాడికేమవుతుందో? ఉంచితే ఏమవుతుందో? బొమ్మనే పొయ్యిలో పెడదామంటే చెయ్యి రాలేదు, అందులో నువ్వుంటేనో? వాడికేం పెట్టినా "నాకేదీ?" అంటూ వచ్చేవాడివి. ఆ మాటే చెవుల్లో మోగుతోంది. ఇప్పుడేం అడుగుతున్నావు కోటీ? వాణ్ణేనా?

ఇవాళ పొద్దున మీ అమ్మ గంజి పట్టబోతే వాడు పెదవులు బిగించాడు. మూలనున్న బొమ్మ వంక చూసి, "కోటిగాడికేదీ?" అన్నాడు.

పరుగెత్తుకెళ్ళి నేనే గంజి తెచ్చి నీ నోటికి తాకించాను. ఆ తర్వాతే వాడు తాగాడు. ఒళ్ళింకా కాలుతూనే ఉంది.

ఇకమీద రోజూ ముందు నీకే పెడతాను, నా చేత్తోనే. కడుపు నిండా తిను నాన్నా. మరీ ఒక్కడివే ఉండలేకపోతే నన్ను పిలువు, వస్తాను. వాణ్ణి మాత్రం పిలవకు.

మీ ఇద్దరి నాన్న