నీ గీత దాటిన మెరుపు

తమ్ముడూ,

అంతరిక్షంలో కనిపించే గామా కిరణాల మెరుపుల్లో రెండు సెకన్లలోపువి జంట తారలు ఢీకొంటే పుట్టేవనీ, అంతకు మించినవి ఒక మహాతార మరణిస్తే పుట్టేవనీ నీ కూతురికి నేర్పినది నీవే. ఆమె పరిశీలించిన మెరుపు నిమిషం నిలిచింది. అయినా అది జంట తారలదేనని తేలింది.

నిన్న నీ తద్దినంనాడు వడ్డిస్తూ ఆగింది. “రేపు ఆడ సభలో అందరి ముందర నాన్న మాట తప్పు అని ఎట్లా చెప్పేది పెదనాన్నా?”

“ముందు మీ నాన్న పక్షాన ఆయనకన్నా బాగా వాదించు. ఆపైన ఖండించు. మన శాస్త్రాల పద్ధతి అదేనమ్మా.”

ఈ రోజు కోడంబాక్కం ఖగోళ శాస్త్ర సభలో నీ పక్షాన ఎంత చక్కగా వాదించిందంటే, నా పక్కనున్న పెద్దాయన నీవే గెలిచావని తల ఊపాడు. ఆ తరువాతే నిన్ను ఓడించింది. బిడ్డ చేతిలో ఓటమిని కోరుకోవాలంటారు పెద్దలు, నీకది దక్కింది.