కిటికీ అద్దం మీద రెండు కాగితాలు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తాతలు వలస వచ్చిన ఈ దేశంలో మనకందరికీ ఓటు వచ్చిన రోజును నువ్వు చూడలేదు. ఆ తర్వాత మన తెలుగు సంఘం కూడా కొత్త నియమావళి రాసింది. ఆడవాళ్ళకూ ఓటు ఉంటుందని అందులో ఉంటే అందరం ఒప్పుకున్నాం.

సంతకాలకు వచ్చిన కొత్త ప్రతి మాత్రం కాస్త పొట్టిగా అనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చాను. నువ్వు కుట్టుపూల నమూనాలు దించుకున్న కిటికీ అద్దానికి మేం ఒప్పుకున్న పాత కాగితం, దాని మీద కొత్త కాగితం ఆనించి చూశాను. ఒకే టైపు మిషను మీద కొట్టినవి కదా, ఎండ వెలుగులో అక్షరం మీద అక్షరం కూర్చుంది. మూడో పేజీలో వరసలు తప్పాయి. ఓటు మాట అక్కడే పోయింది.

కార్యదర్శి మామకు చూపించాను.

"టైపింగులో పోయిందమ్మా. నీకు పొయ్యి కాడ పన్లేదా?"

"ఉంది మామా. మీరు ఆ పోయిన మాట రాసిస్తే పోయి పులిహోర కలుపుతా."

నవ్వుకుంటూనే పెన్నుతో రాసి, పక్కన సంతకం పెట్టాడు.

ఆదివారం సమావేశం. ప్రతిసారీ నువ్వు వండుతూ తలుపు పక్క నుంచి వినేదానివి. ఈసారి వంట ముందే ముగించి, ఆడవాళ్ళమంతా ముందు వరసలో కూర్చుంటాం.

నీ చెల్లెలు