పేర్ల వరుస

సీతాఫల్‌మండి,
సికింద్రాబాద్.

ప్రేమమణి ఆంటీకి నమస్కారాలు.

నిన్న మెట్టుగూడలో మీ ఇంటికి వచ్చినప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఆర్థర్, నేను కలిసి చేసిన పేపరు రేపు కాన్ఫరెన్సుకు పంపాలి. మొదటి పేజీలో నా పేరు కింద అతని పేరు చూసి, "మా వాడు లేడని వెనక్కి నెట్టేశావా తల్లీ?" అన్నారు. టీ కూడా ముట్టకుండా లోపలికి వెళ్ళిపోయారు.

కాదాంటీ. ఇన్నేళ్ళు స్కూల్లో ర్యాంకుల పట్టికలు రాసిన మీకు అలా అనిపించడం సహజమే. కానీ మా థియరీ కంప్యూటర్ సైన్సులో ఎవరు ఎక్కువ చేశారని చూడరు, ఇంటిపేర్ల అక్షరక్రమంలోనే పేర్లు వేస్తారు. అసలు నిరూపణ ఆర్థర్‌దే. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కూడా దాని గురించే మాట్లాడాడు. నేను శుభ్రంగా టైపు చేశానంతే.

అయినా మీరు బాధపడ్డారని, ఇంటికి రాగానే ఆ పద్ధతి పక్కనపెట్టి అతని పేరు పైన, నా పేరు కింద పెట్టి ప్రింటు తీశాను. అచ్చం శుభలేఖలా ఉంది ఆంటీ. మా సంగతి క్రిస్మస్ అయ్యాక మీతో చెబుదామన్నాడు.

చూడలేక మళ్ళీ మార్చేశాను. క్షమించండి.

ఇట్లు,
ఆర్థర్ స్నేహితురాలు